మూరెడు ఎత్తు

గురువారం సాయంత్రం ఆయమ్మ భర్త ఒక అట్టపెట్టెను రెండు చేతులా పట్టుకుని, తలుపును భుజంతో నెట్టుకుంటూ లోపలికి వచ్చాడు. పెట్టె చుట్టూ చిల్లులున్నాయి. ఆ చిల్లుల్లోంచి కియ్‌కియ్‌మని ఆగకుండా చప్పుడు వస్తోంది.

"పన్నెండు," అన్నాడు గర్వంగా. "లెక్కకి మించి వచ్చాయి. యజమాని తీసుకుపొమ్మన్నాడు. ఆరు నెలలు ఓపిక పడితే ఇంటినిండా గుడ్లే."

అతను కోడిపిల్లల వ్యాను డ్రైవరు. మిషన్లలో పొదిగిన పిల్లలను తెల్లవారుజామున ఎక్కించుకుని ఫారాలకు చేర్చి వస్తాడు. రోజూ వేల పిల్లలను మోసే మనిషే గాని, ఒక్కదాన్నయినా ఇంటికి తేవడం ఇదే మొదలు. ఆ ఇంట్లో ఇంతవరకు కుక్కను గాని పిల్లిని గాని పెంచినవాళ్లు లేరు. ఆయమ్మ పెట్టె మూత తీసి చూసింది. అరచేతిలో ఇమిడేంత పసుపుపచ్చటి ప్రాణులు, ఒకదాని మీద ఒకటి పడుతూ, తలలెత్తి ఆమెకేసి చూశాయి. సంతోషించాల్సింది పోయి ఆమెకు గుండెల్లో రాయి పడింది.

"వీటి తల్లేదీ?" అంది.

"తల్లెక్కడిది? మిషన్లో పుట్టినవి. ఇకమీదట బల్బే వీటికి తల్లి."

"ఈ వారంలోనే తేవాలా? ఇప్పుడు నా మనసేమన్నా బాగుందా?"

"కోడిపిల్లలకి ముహూర్తం పెట్టించాలా ఏంటి? అసలు నీ మనసు బాగోలేదనే తెచ్చా. వీటిని చూసుకుంటే కాస్త మళ్లుతుందని."

కిటికీ పక్క మంచం మీంచి అత్త అందుకుంది. "బాగుంది వరస! పగలంతా ఊళ్లోవాళ్ల బిడ్డలు, ఇంటికొస్తే కోడిబిడ్డలు. మధ్యలో ఈ ముసలిదానికి మంచినీళ్లిచ్చే దిక్కు మాత్రం లేదు."

ఆయమ్మ ఆసుపత్రిలో, అప్పుడే పుట్టిన బిడ్డల వార్డులో ఆయా. పందొమ్మిదేళ్లుగా అందరూ ఆయమ్మ, ఆయమ్మ అని పిలిచి పిలిచి వీధిలోనూ అదే పేరు స్థిరపడింది. అత్తకు కోపం వస్తే "ఆయమ్మగారూ" అని గౌరవం కూడా కలిపేది. చిన్న ప్రాణాలతో మెలిగేవాళ్లకు ధైర్యం ఎక్కువనుకుంటారు చాలామంది. అది నిజం కాదు. ఆ ప్రాణం ఎంత తేలిగ్గా జారిపోతుందో కళ్లారా చూసినవాళ్లకు భయమే ఎక్కువ. ఆయమ్మ ఆ రోజు అన్నం తింటూ కూడా మూడుసార్లు లేచి వెళ్లి పెట్టెలో పన్నెండూ కదులుతున్నాయా లేదా అని చూసి వచ్చింది.

భర్త పెట్టె అడుగున రంపపు పొట్టు పరిచాడు. మూకుడులో నీళ్లు పోసి, పిల్లలు పడి మునగకుండా నాలుగు గులకరాళ్లు వేశాడు. గోడకు రెండు మేకులు కొట్టి, వంద వాట్ల బల్బు వైరును పై మేకుకు రెండు చుట్లు తిప్పి కిందికి వేలాడదీశాడు. లాగితే దిగుతుంది, వదిలితే ఆగుతుంది. మోచేతిని పెట్టె అడుగున ఆనించి, వేలి కొసకు బల్బు తగిలేలా సర్దాడు.

"మూరెడు ఎత్తు. ఇదొక్కటే గుర్తుంచుకో. దించకు, ఎత్తకు. వారం పోయాక నేనే ఎత్తుతా."

"నాకు చెబుతున్నావా లైట్ల గురించి?" అని నోరు జారి, వెంటనే నాలుక కరుచుకుంది. లైటు అనే మాట ఆ ఇంట్లో నిన్నటి నుంచి పుండులా ఉంది.

నిన్న, బుధవారం మధ్యాహ్నం, నాలుగో మంచం బాబు వీపు కాలింది. వార్డులో కొత్త మిషన్లన్నీ నిండిపోతే, బిడ్డకు వెచ్చదనం కోసం పాత వంపుమెడ లైటును తెచ్చి పెట్టారు. బిడ్డకూ లైటుకూ మధ్య రెండడుగులుండాలని గోడ మీద రాసే ఉంటుంది. చూసేసరికి అడుగు కూడా లేదు. వీపు మీద రూపాయి బిళ్లంత బొబ్బ. ప్రాణానికి భయం లేదన్నారు గాని, ఆ తల్లి అరుపుకు మూడంతస్తులూ కదిలాయి. చివరగా లైటు దగ్గర ఎవరున్నారని పెద్ద సిస్టరు అడిగితే, "చిన్న సిస్టరే" అని ఆయమ్మ చెప్పింది. చూసిందే చెప్పింది. ఆ ఒక్క మాట మీద, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా నిండని ఆ పిల్లను పక్కన పెట్టేశారు. సోమవారం పది గంటలకు విచారణ. అక్కడ ఆయమ్మ ఆ మాటే మళ్లీ చెప్పి, కాగితం మీద సంతకం పెట్టాలి. పెడితే ఆ పిల్ల ఉద్యోగం పోతుంది. ఆ తర్వాత ఏ ఆసుపత్రీ చేర్చుకోదు.

*

శుక్రవారం ఆయమ్మ డ్యూటీకి వెళ్లేసరికి చిన్న సిస్టరు మెట్ల దగ్గర నిలబడి ఉంది. బీరువా తాళంచెవి అప్పగించి పోదామని వచ్చిందట. యూనిఫారం లేకపోతే ఆ పిల్ల ఇంకా చిన్నదానిలా ఉంది. కళ్ల కింద నల్లటి చారలు.

"ఆయమ్మా, నేను స్కేలు పెట్టి కొలిచాను. రెండడుగులు సరిగ్గా. కొలిచేసి ఆరో మంచం దగ్గరికి వెళ్లాను. నువ్వు చూశావు కదా!"

"నువ్వు లైటు దగ్గర వంగి ఉండటం చూశాను తల్లీ. ఎంత ఎత్తులో పెట్టావో నేనేం చూశాను?"

"స్కేలు నా చేతిలో లేదూ?"

ఆయమ్మ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. స్కేలు ఉందో లేదో తెలియలేదు. ఉందని చెబితే అబద్ధమవుతుందేమో, లేదని చెబితే పాపమవుతుందేమో. "పైనున్నవాళ్లు చూసుకుంటార్లే అమ్మా" అని తప్పించుకుని, బకెట్టు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ పిల్ల వెనకనుంచి ఇంకేదో అంది. వినిపించనట్టే నడిచింది.

నాలుగో మంచం దగ్గర లైటు తీసేశారు. బాబు తల్లి గుండెల మీద బోర్లా పడుకుని ఉన్నాడు, వీపు మీద తెల్లటి మందు. ఆ తల్లి డాక్టరు వచ్చినా, నర్సు వచ్చినా బిడ్డను వాటేసుకుని కస్సుమంటోంది. ఆయమ్మను చూసి మాత్రం చేతులు సడలించింది.

"నువ్వే తుడువు ఆయమ్మా. నువ్వు ముట్టుకుంటేనే వీడు ఏడవడు."

ఆయమ్మ పొత్తిగుడ్డ మార్చి, అలవాటుగా ముంజేతి వెనకభాగంతో బాబు అరికాళ్లు తాకి చూసింది. పాదం చల్లబడితే బిడ్డ చల్లబడినట్టే. పందొమ్మిదేళ్ల కిందట చేరిన రోజున ఒక ముసలి ఆయా నేర్పిన పాఠం అది. ఇప్పటివరకు ఎంతమంది బిడ్డలను ఆ ఒక్క ఉపాయంతో ముందుగానే కనిపెట్టి కాపాడిందో లెక్కలేదు. డాక్టర్లు కూడా మెచ్చుకునేవాళ్లు. బాబు పాదాలు వెచ్చగా ఉన్నాయి. ఆయమ్మ ఊపిరి పీల్చుకుంది.

మధ్యాహ్నం పెద్ద సిస్టరు గదిలోకి పిలిచింది. "సోమవారం తడబడకు. చివరగా చిన్న సిస్టరును చూశాను అను, అంతే. ఎక్కువ మాట్లాడావంటే వాళ్లు నిన్నూ లాగుతారు. మనలాంటి వాళ్లకి ఎందుకొచ్చిన గొడవ చెప్పు!" అంది. ఆ మాటల్లో బెదిరింపు లేదు. ఆవిడ నిజంగా ఆయమ్మ మంచికోరే చెప్పింది. అందుకే ఆయమ్మకు ఇంకా భయం వేసింది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే పెట్టె దగ్గరికి పరుగెత్తింది. పదకొండు కదులుతున్నాయి. పన్నెండోది మూకుడు పక్కన కాళ్లు చాపి పడి ఉంది. చేతిలోకి తీసుకుంటే దూదిలా తేలిగ్గా ఉంది, మెడ వాలిపోయింది. మిగతావన్నీ పెట్టె మూలలో ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ గుంపుగా నిలబడ్డాయి.

"ఇదెప్పుడు పోయింది అత్తా?"

"నాకేం తెలుసు? అరుస్తూనే ఉన్నాయి పొద్దుట్నుంచి. నా చెవులు చిల్లులు పడ్డాయి."

"చలేసి ఉంటుంది పాపం. చూడు, ఎలా ముడుచుకుని నిలబడ్డాయో."

నేల మీద చతికిలబడి, పదకొండింటినీ ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుంది. ముంజేతితో కాళ్లు తాకి చూసింది. సన్నటి పుల్లల్లాంటి కాళ్లు, చల్లగా తగిలాయి. రెండోదానివీ చల్లనే. అయ్యో, అయ్యో అనుకుంటూ ఒక్కోదాన్నీ నిమిరి, నీళ్లు మార్చి, నూకలు చల్లి, పెట్టె మీద సగం వరకు తువ్వాలు కప్పింది. ఆ తర్వాత ఇంటిపని చేస్తున్నంతసేపూ మనసంతా ఆ మూల మీదే ఉంది. బొబ్బ కట్టిన వీపూ వాలిపోయిన మెడా కళ్లముందు కలగలిసిపోతున్నాయి. వార్డులో ఒకటి, ఇంట్లో ఒకటి. తన నీడ పడిన చోటల్లా ఏదో జరుగుతోందేమోనని ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. ఛీ అని తోసేసింది.

*

శనివారం ఆమె వచ్చేసరికి మరో రెండు పోయాయి.

ఈసారి ఏడుపు ఆగలేదు. భర్త కూడా అప్పుడే వచ్చాడు. పెట్టెలోకి తొంగిచూసి, నుదురు చిట్లించి, మోకాళ్ల మీద కూర్చున్నాడు. మిగిలిన తొమ్మిదీ దూరపు మూలకు అతుక్కుని, రెక్కలు వేలాడేసి, నోళ్లు తెరిచి ఎగరొప్పుతున్నాయి.

"చలికి ఎలా అల్లాడుతున్నాయో చూడు," అంది ఆయమ్మ.

"చలేంటి నీ మొహం! నోరు తెరిచి రొప్పుతుంటే చలంటావేంటి? లైటు కిందికి చేరి గుంపు కడితే చలి. లైటుకి దూరంగా పారిపోయి గుంపు కడితే వేడి. ఫారంలో పసిపిల్లాడిని అడిగినా చెబుతాడు." అతను మోచేతిని పెట్టెలో ఆనించాడు. బల్బు వేలి కొసకు కాదు, అరచేతి మొదట్లోనే తగిలింది. చురుక్కుమని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "జానెడు దిగిపోయింది! లైటు ఎవరు దించారు?"

"నేను దించలేదు."

"దానంతట అది దిగుతుందా? రెండు చుట్లు తిప్పి కట్టాను. ఎవరో లాగితేనే దిగుతుంది."

"దించలేదని చెబుతున్నాగా! నువ్వు దించొద్దన్నాక నేనెందుకు దించుతాను? నాకు తెలీదా?"

ఇంట్లో ఉన్నది ముగ్గురు. భర్త పగలంతా రోడ్డు మీద. తను కాదు. ఆయమ్మ తల తిప్పి మంచం వైపు చూసింది. ఆ చూపులో ఏముందో అత్తకు వెంటనే అర్థమైంది.

"నాకేసి చూస్తావేంటి?"

"పొద్దుట్నుంచి ఇంట్లో ఉండేది నువ్వే కదా అత్తా. అరుపులకి చెవులు చిల్లులు పడుతున్నాయన్నావు. చలేసి అరుస్తున్నాయేమో అని నువ్వే కాస్త..."

"ఓహో!" అత్త చేతికర్రను నేలకు తాటించింది. "గుడ్డు మీద ఈకలు పీకే రకం నువ్వు. మంచం దిగి మరుగుదొడ్డికి వెళ్లేసరికే నాకు తలప్రాణం తోకకొస్తుంది. నేనొచ్చి నీ లైట్లు దించుతానా? అక్కడెక్కడో ఎవరినో అంటే సరిపోలేదు, ఇప్పుడు నా మీద పడ్డావా?"

చివరి మాట ఆయమ్మకు సూదిలా గుచ్చుకుంది. "నేనెవరినీ అనలేదు. చూసింది చెప్పాను," అంది గొంతు పెంచి.

"అయితే ఇదీ చూశావా?"

అత్త ఏదో చెప్పబోయి, కోడలి మొహంలోకి కాసేపు చూసి, "సరే, నేనే అనుకో," అని గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ పూట అన్నం వద్దంది. భర్త తల్లికీ భార్యకూ మధ్య ఏం మాట్లాడినా తప్పేనని తెలిసినవాడు కాబట్టి, లైటును మళ్లీ మూరెడు ఎత్తుకు లాగి, వైరును మరో చుట్టు తిప్పి, వ్యాను కడగాలంటూ బయటికి జారుకున్నాడు. పిల్లలు కాసేపటికి నోళ్లు మూసి, మూల వదిలి, నూకల మీదికి వచ్చాయి.

*

ఆదివారం ఆయమ్మకు సెలవు. భర్త పొద్దున్నే వ్యాను తీసుకుని వెళ్లిపోయాడు. లేవగానే ఆమె మోచేతిని ఆనించి లైటును కొలిచింది. మూరెడే ఉంది. తొమ్మిదీ హాయిగా ఉన్నాయి. రెండు గంటలు గడిచాక మళ్లీ కొలిస్తే నాలుగు వేళ్లు దిగింది.

తను ఈ పెట్టె దగ్గరికీ వంటగదికీ తిరుగుతూనే ఉంది. అంటే తను వంటగదిలో ఉన్నప్పుడు ఈవిడ మంచం దిగి వచ్చిందన్నమాట. ఎందుకు? తొమ్మిదీ చచ్చేదాకా పోరు పెడుతుందా? అరవయ్యేళ్లు దాటాక మనిషికి ఇంత కక్ష ఉంటుందా? వాకిట్లో మాటకు మాట చెప్పే మనిషి కంటే, గోడ వైపు తిరిగి మూలగకుండా పడుకున్న మనిషిని చూస్తే ఆయమ్మకు భయం వేసింది.

అడిగితే ఒప్పుకోదు. చేతికి చిక్కాలి. సింకు కింద భర్త దాచుకున్న గ్రీజు డబ్బా ఉంది. ఆయమ్మ చిటికెడు నల్లటి గ్రీజు తీసి, బల్బు హోల్డరుకు పైన, లాగాలంటే వేళ్లు ఎక్కడ పడతాయో సరిగ్గా అక్కడ, వైరుకు పలచగా పూసింది. నల్ల వైరు మీద నల్ల గ్రీజు, కంటికి ఆనదు. తర్వాత వార్డులో నేర్పినట్టు మోచేతుల దాకా సబ్బు రాసి మూడుసార్లు కడుక్కుని, గోళ్ల సందులు కూడా చూసుకుంది. లైటును మళ్లీ మూరెడు ఎత్తుకు జరపడానికి, గ్రీజు తనకు అంటకుండా పై మేకు దగ్గరి వైరు పట్టుకుని లాగింది.

ఆ తర్వాత ఎప్పటిలాగే పనుల్లో పడింది. గుడ్డలు ఉతికింది, అత్తకు టీ ఇచ్చింది. మధ్య మధ్య పెట్టె దగ్గర కూర్చుని పిల్లలను చేతిలోకి తీసుకుంది. మధ్యాహ్నం వంటగదిలో ఉండగా చేతికర్ర చప్పుడు టకటకమంటూ మరుగుదొడ్డి వైపు పోయి, తిరిగి వస్తూ పెట్టె దగ్గర ఆగింది. ఆయమ్మ చేతిలో గరిటె కూడా ఆగింది. పది అంకెలు లెక్కపెట్టింది. కర్ర మళ్లీ కదిలింది, మంచం కిర్రుమంది.

ఆయమ్మ నీళ్ల గ్లాసు పట్టుకుని వెళ్లింది. కుడి చేత్తో గ్లాసు అందిస్తూ, ఎడమ చేత్తో అత్త చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. ముడతలు పడిన వేళ్లు, శుభ్రంగా, పొడిగా ఉన్నాయి. రెండో చెయ్యీ చూసింది. అదీ అంతే.

"నా చేతుల్లో ఏం వెతుకుతున్నావు?" అంది అత్త. గొంతులో కోపం లేదు. "వెళ్లి నీ మొహం చూసుకో."

"నా మొహానికేం?"

"చెంప మీద నలుపేంటి?"

ఆయమ్మ అద్దం దగ్గరికి వెళ్లింది. కుడి చెంప మీద, చెమట తుడుచుకున్న చోట, రెండు నల్లటి చారలు పక్కపక్కన ఉన్నాయి. కుడి చెయ్యి ఎత్తి చూసుకుంది. చూపుడువేలూ బొటనవేలూ గ్రీజుతో జిగురుగా మెరుస్తున్నాయి. కాసేపు ఆమెకు ఆ వేళ్లు తనవి కావనిపించింది.

"నేను పూసినప్పుడే అంటి ఉంటుంది," అంది. కానీ మోచేతుల దాకా మూడుసార్లు కడుక్కున్నది తనే. పెట్టె దగ్గరికి వెళ్లి మోచేయి ఆనించింది. నాలుగు వేళ్లు దిగింది లైటు.

"ఇంతకుముందే దించావు," అంది అత్త మంచం మీంచి. "మొన్నా చూశాను, నిన్న పొద్దున నువ్వు డ్యూటీకి పోయే ముందూ చూశాను. పిల్లని తీసుకుంటావు, కాళ్లు తడుముతావు, అయ్యో అంటావు, లైటు లాగుతావు. మళ్లీ ఇంకో పిల్ల. నీ చూపంతా పిల్ల మీదే ఉంటుంది. చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది."

"మరి చెప్పలేదేం?"

"ఆసుపత్రిలో నేర్చిన పని కదా, నీకు తెలిసే చేస్తున్నావనుకున్నా. మంచి చెడ్డా నాకేం తెలుసు? నిన్న చెబుదామని నోరు తెరిస్తే, నువ్వే నా మీద పడ్డావు. అప్పుడు చెబితే, గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకుందంటావని ఊరుకున్నా."

ఆయమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. కోడిపిల్లలకు ఒంటినిండా బొచ్చుంటుంది, కాళ్లకు ఉండదు, ఎంత వెచ్చగా ఉన్నా కాళ్లు చల్లగానే తగులుతాయి. ఇంత చిన్న సంగతి తోచలేదు. మూడు చచ్చిపోయాయి. అది ఒక ఏడుపు. కానీ ఆమె కూలబడింది అందుకు కాదు.

బుధవారం మధ్యాహ్నం. చిన్న సిస్టరు లైటు సర్ది వెళ్లిపోయింది. తను పొత్తిగుడ్డ మార్చడానికి నాలుగో మంచం దగ్గరికి వెళ్లింది. బాబు పాదాలు చల్లగా ఉన్నాయి. అయ్యో అంది. అది గుర్తుంది. తడి గుడ్డ బకెట్టులో వేయడం గుర్తుంది. ఆ రెంటికీ మధ్య ఏం చేసిందో ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. దించిందని గుర్తొచ్చినా బాగుండేది. దించలేదని గుర్తొచ్చినా బాగుండేది. అక్కడ ఏమీ లేదు, ఖాళీ. నాలుగు వేళ్లు దిగిన ఆ బల్బును చూస్తూ కూర్చుంది. పందొమ్మిదేళ్లలో ఆ చెయ్యి ఎన్ని లైట్లు దించిందో, ఎన్నిటిని ఎవరో ఒక నర్సు వెనకాలే వచ్చి మాట్లాడకుండా పైకెత్తిందో ఎవరికి తెలుసు?

సాయంత్రం భర్త వచ్చాక అంతా చెప్పింది. అతను ముందు నవ్వాడు, తర్వాత మొహం మాడ్చుకున్నాడు.

"బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడతావేంటి? కోడిపిల్లల దగ్గర చేశావు కాబట్టి అక్కడా చేశావనా? ఎవరన్నా చూశారా? నీకన్నా గుర్తుందా?"

"లేదు."

"మరి! నోరు మూసుకుని సంతకం పెట్టి రా. నీ ఉద్యోగం పోతే మనకేం మిగులుతుంది?"

"ఆ పిల్లది పోతే?"

అతను లేచి వెళ్లి లైటు ఎత్తి వచ్చాడు. ఆ రోజు ఆయమ్మ పెట్టె దగ్గరికి మళ్లీ వెళ్లలేదు. నూకలు కూడా అత్తే కర్ర ఊతంతో వంగి చల్లింది.

*

సోమవారం పది గంటలకు డాక్టరు గదిలో నలుగురున్నారు. బల్ల వెనక డాక్టరు, పక్కన పెద్ద సిస్టరు, గోడ వారగా కుర్చీలో చిన్న సిస్టరు, గుమ్మం దగ్గర ఆయమ్మ. కాగితం ముందే రాసి ఉంది. పెద్ద సిస్టరు కలం మూత తీసి మరీ అందించింది.

"నేనిది పెట్టను సార్," అంది ఆయమ్మ. "లైటు నేనే దించి ఉంటాను."

పెద్ద సిస్టరు చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. డాక్టరు కళ్లద్దాలు తీశాడు. "ఉంటాను అంటే? దించావా, లేదా?"

"గుర్తు లేదు సార్."

"గుర్తు లేనిదాన్ని నేనెలా రాసుకోను?"

"మా ఇంట్లో మూడు కోడిపిల్లలు చచ్చిపోయాయి సార్," అని మొదలుపెట్టింది. చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది. గ్రీజు, మూరెడు, కాళ్లు. కానీ మొదటి మాటకే డాక్టరు పెదవులు నవ్వును ఆపుకోలేక వంకరపోయాయి, పెద్ద సిస్టరు దగ్గు వచ్చినట్టు మొహం పక్కకు తిప్పుకుంది. నవ్వనిది చిన్న సిస్టరు ఒక్కతే. ఆమె కుర్చీలోంచి ముందుకు వంగి, ఒక్కో మాటా వింటోంది.

చివరిదాకా విన్నాడు డాక్టరు, అది మాత్రం నిజం. విని, "నువ్వు మంచిదానివి ఆయమ్మా. ఆ అమ్మాయి మీద జాలితో ఇదంతా చెబుతున్నావు. కోళ్ల సాక్ష్యం కాగితం మీద చెల్లదు. నువ్వు దించడం ఒక్క మనిషైనా చూశారా, చెప్పు," అన్నాడు.

ఆయమ్మ బయటికి వచ్చింది. పెద్ద సిస్టరు వెంటపడి వచ్చి మోచెయ్యి పట్టుకుంది. "ఏంటిది? కొరివితో తల గోక్కుంటావా? ఎవరూ నిన్నేమీ అనట్లేదు కదా! వెళ్లి మొహం కడుక్కుని వచ్చి సంతకం పెట్టు."

ఆయమ్మ మొహం కడుక్కోవడానికి వెళ్లలేదు. వార్డు వైపు నడిచింది. అడుగు తీసి అడుగు వేయడం కష్టంగా ఉంది. నాలుగు రోజులుగా ఆమె భయపడినవన్నీ, అత్త నోరు, డాక్టరు కలం, ఉద్యోగం, ఆ నడకలో చిన్నవైపోయాయి. నాలుగో మంచం ఇంకా పది అడుగులుంది. ఆ తల్లి అరుపు ఇంకా చెవుల్లోనే ఉంది. ఆ అరుపు ఇప్పుడు తన మొహం మీద పడుతుంది. పడనీ అనుకుంది.

తల్లి బాబును పక్కన బోర్లా పడుకోబెట్టుకుని జోకొడుతోంది. ఆయమ్మను చూసి మొహం విప్పారింది. "రా ఆయమ్మా, వీడు పొద్దున్నుంచి నీకోసమే చూస్తున్నాడు."

"ఒక మాట అడుగుతాను తల్లీ. ఉన్నదున్నట్టు చెప్పు. బుధవారం నాడు గుడ్డ మార్చడానికి వచ్చినప్పుడు, నేను ఇక్కడి లైటు ముట్టుకున్నానా?"

పెద్ద సిస్టరు వెనకే వచ్చి నిలబడింది. తల్లి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అందులో ఆలోచించాల్సింది ఏముందన్నట్టు చెప్పింది.

"ముట్టుకున్నావుగా. వీడి కాళ్లు పట్టుకుని, అయ్యో చల్లగా ఉన్నాయే అన్నావు. లైటు కిందికి లాగి, గుడ్డ తీసుకుని వెళ్లావు. అప్పటికి రెండు రోజులుగా నాకు కంటి మీద కునుకు లేదు ఆయమ్మా. నువ్వు చూసుకుంటున్నావు కదా, ఇంకేం భయమని అప్పుడే కళ్లు మూసుకున్నా."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?" అంది పెద్ద సిస్టరు.

"నన్నెవరడిగారు? అయినా చెప్పడానికి అందులో ఏముంది? ఆయమ్మ వీడి మంచికే కదా..." అంటూ ఆగిపోయింది.

ఆ ఆగిన మాట ఆమెలో ఎటు పోతోందో ఆయమ్మ కళ్లప్పగించి చూసింది. తల్లి మొదట లైటు ఉండాల్సిన ఖాళీ చోటు వైపు చూసింది. తర్వాత బాబు వీపు వైపు. తర్వాత మంచం అంచు మీద ఉన్న ఆయమ్మ చెయ్యి వైపు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని ఆయమ్మకు అనిపించింది. బిడ్డను మెల్లగా ఎత్తుకుని, ఇటు భుజం మీంచి అటు భుజానికి మార్చుకుంది.

"ఈ మాట డాక్టరు గారి ముందు చెప్పాలి తల్లీ," అంది ఆయమ్మ. "అక్కడ ఒక పిల్ల కూర్చుని ఉంది."

తల్లి మంచం దిగి నడిచింది. ఆమె వెనక పెద్ద సిస్టరు, నాలుగడుగుల దూరంలో ఆయమ్మ. వరండాలో కిటికీలన్నీ తీసి ఉన్నాయి, గాలి చల్లగా వీస్తోంది. తల్లి భుజం మీద బాబు నిద్రలో కదిలాడు. పొత్తిగుడ్డ జారి, ఎర్రటి చిన్న పాదం ఒకటి బయటికి వచ్చింది. ఆయమ్మ రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని, ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకుని నడిచింది.